పాదలేపము లేని హిమయాత్ర

మన కావ్యములలో మంచుకొండ యాత్ర యనగానే మనుచరిత్రములోని ప్రవరుడు మనస్సునకు రాక మానడు. సిద్ధుడొసగిన పసరును పాదములకు పూసికొని ఆ బ్రాహ్మణుడు క్షణములో హిమాలయమును చేరెను. చూడదలచిన వింతలన్నియు చూచెను. ఇక నింటికి పోదమనుకొనునప్పటికి మంచునీటికి ఆ పసరంతయు కరగిపోయి యుండెను. ఇంటనున్న వృద్ధులైన తల్లిదండ్రులు, వేళకు వేల్వవలసిన అగ్నులు, వాకిట నిలుచు అతిథులు, అందరును కన్నులకు గట్టిరి గాని త్రోవ మాత్రము కానరాదయ్యెను. పోవుటయందలి యుత్సాహము వచ్చుటను గూర్చిన యాలోచనను మ్రింగివేయునని పెద్దనగారెంత చక్కగా చూపిరో యని నేను పలుమారు అనుకొనుచుందును. ఆడువారమగు మనము సాధారణముగా అట్టి ప్రయాణములు చేయము. పొరుగూరి పెండ్లికి పోవునపుడైనను పాలు తోడుపెట్టు వేళకు తిరిగి రాగలమా యని లెక్కించుకొనియే గడప దాటుదుము.

అట్టి నేను ఇప్పుడు నిజముగానే ఒక మంచుకొండకు పోవు ప్రయత్నములో నున్నాను. మా యూరు దొరవారిసత్రము. గూడూరునుండి చెన్నపురికి పోవు రైలుదారిలో సూళ్లూరుపేటకు ముందు వచ్చు చిన్న స్టేషను. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. 2022వ సంవత్సరమునుండి తిరుపతి జిల్లాలో చేరినది. తూర్పున పులికాటు సరస్సు, దగ్గరనే నేలపట్టు చెరువు. కార్తికమునాటికి గూడబాతులు నేలపట్టునకు వచ్చి చెట్లపై గూళ్లు కట్టును. పిల్లలకు రెక్కలు వచ్చినపిమ్మట వేసవికి ముందు వెడలిపోవును. మావారు ఇచటి పాఠశాలలో ఉపాధ్యాయులు. నాకు బడిచదువు కొద్ది. మా తండ్రిగారు ఇంటిలోనే కూర్చుండబెట్టి అమరమును, పంచకావ్యములను చెప్పిరి. ఆ చదువులో మంచు ఎన్నిమారులు వచ్చెనో లెక్కలేదు. కంటితో చూచినది మాత్రము మార్గశీర్షమున వరిచేలపై నిలుచు పొగమంచు ఒక్కటే.

నా తమ్ముడు కెనడా దేశములో పడమటి సముద్రతీరముననున్న వాంకూవరు పట్టణమున ఆరేండ్లుగా ఉద్యోగము చేయుచున్నాడు. గడచిన శ్రావణమాసమున అతడొక సుదీర్ఘమైన లేఖ పంపెను. “అక్కా, ఈ సంక్రాంతి సెలవులకు అమ్మను, అమ్మాయిని తీసికొని రా. ఇచటి కొండలపై స్కీ యాట నేర్పించెదను” అని దాని సారాంశము. ఏ కొండ యెంత ఎత్తు, ఏ దినమున టిక్కెట్టు చవుక, పాదరక్షలు అద్దె కెచట దొరకును అను సంగతులన్నియు నాలుగు పుటలు నిండ వ్రాసెను.

ఈ స్కీ యనునది యేమియో తెలియని సోదరీమణుల కొరకు రెండు మాటలు చెప్పెదను. మనిషి గడ్డమంత యెత్తున్న రెండు సన్నని పలకలను గట్టి బూట్లకు బిగించుకొని, మంచు కప్పిన వాలునేలపై జారుటయే స్కీ. ఆ మాటకు పాత నార్వే భాషలో చీల్చిన కొయ్య యని అర్థము. అది మొదట విలాసము కాదు. ఉత్తరదేశములవారు చలికాలమున వేటకు, వంటచెరకునకు, పొరుగు గ్రామమునకు పోవుటకు కల్పించుకొన్న కాలినడక యది. నాన్సెన్ అను నార్వే దేశస్థుడు 1888లో అట్టి పలకలమీదనే గ్రీన్లాండు మంచుమైదానమును ఒక తీరమునుండి మరియొక తీరమునకు దాటెను. క్రొత్తగా నేర్చుకొనువారు పలకల ముందుకొనలను దగ్గరగా, వెనుకకొనలను ఎడముగా నుంచి జారవలెనట. అట్లుంచిన వేగము తగ్గును. అనగా ఈ విద్యలో మొదటి పాఠము పరుగెత్తుట కాదు, ఆగుట. రెండవ పాఠము పడుట, పడినపిమ్మట లేచుట. ఇవి మన గృహిణులకు క్రొత్త విద్యలు కావుగదా!

సముద్రపుటొడ్డున మంచుకొండ యేమిటని నాకు మొదట ఆశ్చర్యము కలిగెను. మావారు భూగోళపటము పరచి విశదపరచిరి. మా యూరు భూమధ్యరేఖకు ఉత్తరమున దాదాపు 14 డిగ్రీలలో నున్నది. వాంకూవరు 49 డిగ్రీలలో నున్నది. అయినను పసిఫిక్ మహాసముద్రపు గాలివలన పట్టణములో చలి మితిమీరదు. జనవరి మాసపు సగటు వేడిమి సుమారు 4 సెంటీగ్రేడు డిగ్రీలు. అందుచే పట్టణములో తరచు వానయే కురియును. కాని పట్టణమునకు ఉత్తరముగా కొండలు గోడవలె లేచి నిలిచియున్నవి. వేయి మీటర్ల ఎత్తునకు వేడిమి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గును. క్రింద వానగా పడు నీరే పైన మంచుగా రాలును. తిరుమల దాదాపు 850 మీటర్ల యెత్తున నుండుటచేత తిరుపతి ఎండలో మాడునపుడును పైన చల్లగా నుండుట మన మెరుగుదుముగదా, న్యాయ మొక్కటే. మన తీరమునకు ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యపు గాలి వాన తెచ్చినట్లు, వారికి చలికాలమున సముద్రపుగాలి వానను, కొండమీద మంచును తెచ్చును.

మావారు భూగోళము చెప్పిరేగాని ప్రయాణమున కంత సులభముగా నొప్పుకొనలేదు. “ఉత్తరమున సముద్రపుటొడ్డున పట్టణము, దాని దాపున చలికొండ, ఇదియేకదా కావలసినది? మన విశాఖపట్టణము లేదా? అచటినుండి నర్సీపట్నము మీదుగా లంబసింగికి పోవచ్చును” అనిరి. ఆ మాట కొట్టివేయదగినది కాదు. లంబసింగి చింతపల్లి మండలములో సుమారు వేయి మీటర్ల యెత్తున నున్న గిరిజన గ్రామము. డిసెంబరు, జనవరి మాసములలో కొన్ని రాత్రులు వేడిమి సున్న డిగ్రీలదాక దిగి, గడ్డిపై మంచుబిందువులు గడ్డకట్టును. బయట నిలిచినవాడు చలికి కొయ్యవలె బిగిసిపోవునని దానికి కొర్రబయలను పేరు కూడ కలదు. అల్లూరి సీతారామరాజు తన పోరాటమును 1922 ఆగస్టు 22వ తేదీన ఆ చింతపల్లి పోలీసుస్టేషనునుండియే ఆరంభించెను. పిల్లలకు చూపదగిన చోటనుటలో సందేహము లేదు. ఒక రాత్రి రైలు, ఒక పూట బస్సు, కొలది వేల రూపాయలలో ముగియు యాత్ర. స్కీ పలక నిలుచునంత మంచు అచట పడదు గాని, మావారి మనస్సులోని లెక్కకు అది యడ్డము కాలేదు.

నేను బదులు చెప్పక తమ్ముని లేఖలోని చివరి పుటను వారి చేతి కిచ్చితిని. నాలుగు పుటలు స్కీని గూర్చి వ్రాసినపిమ్మట అడుగున నొక్క పంక్తి యుండెను. “నాన్నగారి తిథి ఈ యేడు ఇంగ్లీషు తేదీ ప్రకారము ఎప్పుడు వచ్చునో కనుక్కొని వ్రాయుము.”

మా తండ్రిగారు మూడేండ్లనాడు పుష్యశుద్ధ దశమినాడు పరమపదించిరి. తమ్ముడు విమానము దొరకించుకొని వచ్చునప్పటికి రెండు దినములు గడచెను. జ్ఞాతిపుత్రుడొకడు చితికి నిప్పు పెట్టెను. కర్మలన్నియు ముగించి తమ్ముడు మరల వెడలిపోయెను. అప్పటినుండి రా వీలుకాలేదు. అతని యుద్యోగపు అనుమతిపత్రము గడువు తీరి, క్రొత్తది చేతికి రావలసి యున్నది. అది రాకమునుపు దేశము విడిచినచో మరల ప్రవేశము దుర్లభమగునట. గడచిన రెండు ఆబ్దికములును అతడచటనే యొంటరిగా జరుపుకొనెను. అమ్మ దానినిగూర్చి ఒక్క మాటయు అనలేదు. అనకపోవుటయే మా కందరకు బరువుగా నుండెను. తల్లి యెదుట తండ్రికి పిండము పెట్టవలెనని కొడుకునకు గలదు. ఆ మాట వ్రాయుటకు నోరు రాలేదు. అందుచే కొండలు, పలకలు, బూట్లు అని నాలుగు పుటలు వ్రాసినాడు. వాని కాలి పసరు కరగియున్నది. మేమే పోవలెను.

మావారు ఆ పంక్తి చదివి, కండ్లజోడు తీసి తుడిచికొని, “ఖర్చు లెక్క వేయుము” అనిరి.

లెక్క వేసితిని. మావారికి సెలవులు చాలవు; అదియుగాక మా యత్తగారిని, గేదెను విడిచి అందరును పోవుటకు వీలులేదు. కావున అమ్మ, నేను, పండ్రెండేండ్ల మా యమ్మాయి ముగ్గురము ప్రయాణము చేయవలెను. కెనడా సందర్శకుల వీసాకు మనిషికి 100 డాలర్లు; వ్రేలిముద్రలకు, ఛాయాచిత్రమునకు మరియొక 85 డాలర్లు. పదునాలుగేండ్లు నిండని పిల్లలకు ఈ రెండవ రుసుము లేదు. మొత్తము 470 డాలర్లు. డాలరు సుమారు 60 రూపాయలనుకొన్నను 28 వేలు దాటును. తల్లిదండ్రులకు ఒక్కమారు ఐదేండ్లవరకు నుండనిచ్చు సూపరు వీసా యొకటి కలదు గాని, కొడుకునకు స్థిరనివాసము దొరికిననే అది వర్తించును. తమ్మున కింకను దొరకలేదు. ముద్రలు వేయుటకు చెన్నపురి పోవలెను. అది మా యూరినుండి ఉదయపు రైలులో పోయి సాయంకాలమునకు తిరిగిరాదగిన దూరమే.

అమ్మ టిక్కెట్టు తమ్ముడు కొనును. అది కొడుకు ధర్మము. మా యిద్దరి టిక్కెట్లకు నేను పాలమ్మి చీటీకట్టి పదేండ్లుగా కూడబెట్టినది కలదు. ఆ సొమ్మునకు ఇంతవరకు ఏ పేరును పెట్టలేదు. అమ్మాయి చదువునకని యొకప్పుడు, మిద్దె మరమ్మతునకని యొకప్పుడు అనుకొంటిని. చదువునకు వేరుగా తపాలా కార్యాలయమున నున్నది. మిద్దె ఇంకొక వానకాలము ఓర్చుకొనగలదు. అమ్మ వయస్సు అరువదియారు. ఆమె మోకాళ్లు మాత్రము ఓర్చుకొనలేవు. కావున సంవత్సరము వాయిదా వేయుట యనునది సొమ్మునకు మేలైనను ఆమెకు మేలు కాదు. ఈ మాట మావారితో ననగా వారు మారు పలుకలేదు.

ఇక కాలనిర్ణయము. వేసవి సెలవులు ఏప్రిలు చివర మొదలగును. అప్పటికి పట్టణము దాపునగల కొండలపై స్కీ యాట సామాన్యముగా ముగియును. దూరముననున్న విస్లరు కొండపై మాత్రము మే మాసములోను మంచు నిలుచును. మంచునకై పోవువారు ఎప్పుడైనను పోవచ్చును. తిథికై పోవువారు పుష్యమాసముననే పోవలెను. పెద్దపండుగ దినములలో ఇల్లు విడుచుట యెట్లని మా యత్తగారు కొంత నొచ్చుకొనిరి. పెద్దలకు బట్టలు పెట్టుట తాము చూచుకొందునని, పోయిరమ్మని తరువాత వారే అనిరి.

తిథిని గూర్చిన లెక్క మరియొక విచిత్రము. చలికాలమున వాంకూవరు గడియారము మన గడియారముకంటె పదమూడున్నర గంటలు వెనుకబడి యుండును. తిథి యనునది సూర్యచంద్రుల మధ్యనుండు దూరమును బట్టి కలుగునది గావున భూమి యంతటను ఒక్కసారియే ఆరంభమై ఒక్కసారియే ముగియును. అహోరాత్రములు మాత్రము ఊరూరికి మారును. ఉదాహరణమునకు, మన మంగళవారము రాత్రి పదిగంటలకు దశమి ఆరంభమై బుధవారము రాత్రి పదిగంటలదాక నున్నదనుకొందము. మనకు బుధవారము అపరాహ్ణమున తిథి యున్నది గావున ఆబ్దికము బుధవారమే. వాంకూవరులో అదే దశమి మంగళవారము ఉదయము ఎనిమిదిన్నరకు వచ్చి బుధవారము ఉదయము ఎనిమిదిన్నరకు పోవును. అచట అపరాహ్ణవ్యాప్తి మంగళవారముననే. అనగా ఇచటి పంచాంగము చూచి అచట చేసినచో ఒక దినము తప్పిపోవును. పుష్యమాసమున వారి పగలు ఎనిమిదిన్నర గంటలే. ఉదయము ఎనిమిదింటికి సూర్యుడు కనబడి, సాయంకాలము ఐదింటిలోపలనే అస్తమించును. ఆ పగటిని ఐదు భాగములు చేసినచో నాలుగవదగు అపరాహ్ణము ఒంటిగంట దాటిన పావునుండి మూడుగంటలకు ముందువరకు మాత్రమే. ఆ గంటన్నరలోపల వంట కావలెను, మంత్రము ముగియవలెను. తమ్మునకు ఈ సంగతి వివరముగా వ్రాసి, ఆ యూరి అక్షాంశమునకు గణించిన పంచాంగమును చూడుమంటిని. “నాన్నగారు చెప్పిన లెక్కలన్నియు నీ యొద్దనే యున్నవి, అక్కా” అని బదులు వచ్చెను.

తరువాత తమ్మునితో నాకు కొంత వాదము జరిగెను. వాని యాలోచన యేమనగా, మేము దిగిన రెండవనాడే విస్లరునకు పోయి మూడు దినములుండి, స్కీ యాడి, తిథినాటికి పట్టణము చేరవలెనని. విస్లరు పట్టణమునకు ఉత్తరమున సుమారు 120 కిలోమీటర్లు. 2010వ సంవత్సరమున చలికాలపు ఒలింపిక్ క్రీడలు వాంకూవరులో జరిగినపుడు కొండవాలు పందెములు అచటనే నడచినవి. ఎనిమిదివేల యెకరములకు మించిన మంచువాలు. 2,100 మీటర్లకు పైబడిన శిఖరములు. ఒక కొండనుండి మరియొక కొండకు తీగెలమీద నడచు పెట్టెలు. దారి సముద్రమును, కొండను ఆనుకొని పోవును. అక్టోబరు 1 మొదలు మార్చి 31 వరకు మంచునకు తగిన టైర్లు లేని బండి ఆ దారిని పోరాదని శాసనము. అప్పటికప్పుడు కొన్నచో ఒకనాటి టిక్కెట్టు రెండువందల డాలర్లు దాటును. ముందుగా కొన్నవారికి కొంత తక్కువ. బసకు వేరుగా చెల్లింపవలెను.

నేను వానికి రెండు ప్రశ్నలు వ్రాసితిని. “మేము కొండపై జారుచుండగా అమ్మ ఆ మూడు దినములు ఏమి చేయును? మొదటి నాడే నీవో నేనో కాలు విరుగగొట్టుకొన్నచో తిథినాడు పీటపై నెవరు కూర్చుందురు?” వాడు గదిలో వేడిపెట్టె యుండునని, కిటికీనుండి మంచు కనబడునని వ్రాసెను. ఎన్నడో ఒకనాడు కొడుకును చూడబోయిన తల్లిని కిటికీచెంత కూర్చుండబెట్టుట నాకు రుచింపలేదు.

ప్రత్యామ్నాయము వాని లేఖలోనే యున్నది. వాంకూవరునకు ఎదుటనే, సముద్రపుపాయకు ఆవలి యొడ్డున, గ్రౌస్ అను కొండ కలదు. ఎత్తు 1,231 మీటర్లు. పట్టణపు రేవునుండి పడవలో ఆవలికి దాటి, బస్సులో కొండ యడుగునకు చేరవచ్చును. అచటనుండి తీగెపై నడచు పెట్టెలో పైకి పోవుదురు. స్కీ యాడనివారును పోవచ్చును. పైన కూర్చుండుటకు వెచ్చని శాల, క్రింద పట్టణము, దానికావల సముద్రము కనబడునట. క్రొత్తవారికి చిన్న వాలు, గురువులు కలరు. రాత్రి దీపముల వెలుగునను ఆడుదురు. సాయంకాలమునకు ఇల్లు చేరి చారు కాచుకొనవచ్చును. పడమటనున్న సైప్రస్ కొండయు దగ్గరదే గాని, మంచు విషయమున దేనిని పూర్తిగా నమ్మరాదు. 2010 క్రీడలలో ఆ కొండపై మంచు చాలక లారీలతోను, హెలికాప్టర్లతోను తెచ్చి పోసిరి. కావున ఏ కొండకైనను ముందుగా డబ్బు కట్టివేయక, ఆ వారపు మంచు చూచి నిశ్చయించుట మేలని నా మతము.

వాదము తెగకుండుట చూచి అమ్మయే టెలిఫోను తీసికొని తీర్పు చెప్పెను. “నాయనా, ముందు తిథి కానియ్. ఆ చెయ్యి తర్పణం విడవాల్సిన చెయ్యి. అది అయిపోయినాక నీ కొండెక్కుతా. మీరు పడతా లేస్తా ఉంటే చూసి నవ్వుకుంటా కూచుంటా. మూడేండ్లాయె నేను నవ్వి” అనెను. అవతల చాలసేపు మాట వినబడలేదు. పిమ్మట తమ్ముడు, “అట్లే నమ్మా, గ్రౌసుకే పోదాం” అనెను.

అంతటితో యాత్రాక్రమము స్థిరపడెను. మొదటి మూడు దినములు విశ్రాంతి. రాత్రింబవళ్లు తారుమారగుటచేత శరీరమునకు ఆ మాత్రపు వ్యవధి యవసరము. నాలుగవనాడు ఆబ్దికము. తరువాత రెండు దినములు విడిచి కొండ. నువ్వులు, దర్భలు ఇచటనుండి తీసికొని పోదమని అమ్మ యనెను. విత్తనము, ఎండుగడ్డి, తినుబండారము మున్నగునవి యేవి తెచ్చినను ఆ దేశపు సుంకాధికారులకు దాచక చెప్పవలెనని, కొన్నిటిని వారు తీసివేయుదురని తెలిసి, అచటి మనవారి యంగళ్లలోనే కొనుమని తమ్మునకు వ్రాసితిమి.

ఇట్టి ప్రయాణము తలపెట్టు సోదరీమణులకు నేను తెలిసికొన్న మరికొన్ని సంగతులు చెప్పుట మంచిది. మా వైపు వేంకటగిరి నూలుచీరలకు పెట్టినది పేరు. ఎండకు అంత హాయిగానుండు వస్త్రము మరియొకటి లేదు. మంచునకు అంత శత్రువును లేదు. నూలు తడిని పీల్చి ఒంటికంటుకొని చలిని రెట్టింపు చేయును. ఒంటి నంటియుండు పొర ఉన్నిదిగాని, తడి పట్టని దారముతో చేసినదిగాని కావలెను. దానిపై వేడి నిలుపు పొర. అన్నిటిపైన గాలివానలను ఆపు పొర. అమ్మ చీర విడువనన్నది. చీరలోపల ఉన్ని లాగు, పైన మోకాలు దిగు కోటు, జారని యడుగుగల బూట్లు అని ఒప్పందము జరిగెను. అమ్మాయి దుస్తులు తమ్ముని స్నేహితుల యింట ఎరువు దొరకును. పలకలు, బూట్లు, తలరక్షణ టోపి కొండమీదనే అద్దెకు దొరకును, కొనవలసిన పనిలేదు.

వైద్యపు భీమా మరువరాదు. సందర్శకులకు అచట ఉచితవైద్యము లేదు. ఆసుపత్రి ఖర్చు మన యూహకు మించినది. సామాన్యపు ప్రయాణభీమాలు చాలవరకు స్కీవంటి ఆటలలో తగిలిన దెబ్బలకు చెల్లవు. ఆ సంగతి వేరుగా చేర్పించుకొనవలెను. చిన్నయక్షరములను మావారు భూతద్దము పెట్టి చదివి, అమ్మకున్న రక్తపుపోటును దాచక వ్రాయించిరి. దాచినచో భీమా యున్నను లేనట్లే. మోకాళ్లనొప్పిగలవారికి విమానాశ్రయములో చక్రములకుర్చీ కావలెనని టిక్కెట్టు కొనునపుడే చెప్పవచ్చును. దానికి వేరుగా సొమ్ము లేదు.

కొండవాలులకు అచట గుర్తులుండును. ఆకుపచ్చని వృత్తము సులభము, నీలపు చతురస్రము మధ్యమము, నల్లని వజ్రాకృతి కష్టము. గుర్తులు పెట్టిన మేర దాటరాదు. దేవదారువంటి పెద్దచెట్ల మొదళ్లచుట్టు కొమ్మల నీడన మంచు గుల్లగా నుండి గుంటలేర్పడును. అందులో తలక్రిందుగా పడినవారు తమంతట తాము లేవజాలరు. ఈ మాట అమ్మాయికి ఇప్పటికి పదిమారులు చెప్పితిని. అది పదునొకండవమారు తానే నాకు చెప్పుచున్నది.

ఆ పిల్లకు ఈ యాత్ర వట్టి స్కీ యాత్రయే. అట్లే యుండనిచ్చితిమి. మనాలి యువతి ఆంచల్ ఠాకూర్ 2018 జనవరిలో తుర్కీదేశమున కాంస్యపతకము గెలిచి, అంతర్జాతీయ స్కీ పోటీలో భారతదేశమునకు తొలి పతకము తెచ్చెనని మావారు చెప్పగా విని, ఆమె చిత్రమును పెట్టెమూతపై అంటించుకొనెను. తెలంగాణమునందలి గిరిజన బాలిక మాలావత్ పూర్ణ పదుమూడేండ్ల వయస్సున 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరము నెక్కినది కదా, నే నీ చిన్నకొండ దిగలేనా యని నన్నడుగును. ఎక్కుటకు దిగుటకు భేదమున్నదని చెప్పినను వినదు.

మేము చెన్నపురి పోయి ముద్రలు వేసివచ్చి నెల దాటినది. కాగితములు పూర్తిచేయునపుడు నాకొక సంగతి తోచెను. 1914 మే మాసమున కోమగాటమారు అను నావలో మనదేశమువారు 376 మంది ఇదే వాంకూవరు రేవునకు పోగా, కొద్దిమందిని తప్ప తక్కినవారిని దిగనీయక రెండు నెలలు నీటిపై నిలిపి, జూలై 23వ తేదీన వెనుకకు పంపివేసిరి. 2016లో ఆ దేశపు ప్రధాని తమ సభలో అందుకు క్షమాపణ చెప్పెను. నేడు ఒక వృద్ధురాలు కొడుకును చూచుటకై అడుగు కాగితములను ఆ దేశమువారు మర్యాదతో పుచ్చుకొనుచున్నారు. ఇత్తురో లేదో వారి చిత్తము. ముగ్గురికిని వచ్చిన సంతోషము. ఒక్కరికే వచ్చినచో అది అమ్మకే కావలెనని, అప్పుడామె యొంటరిగానైనను పోవలెనని నిశ్చయించుకొంటిమి. విమానములో భాష రాదను భయము తీరుటకై మావారు తెలుగులోను ఇంగ్లీషులోను చీట్లు వ్రాసియిచ్చిరి: మంచినీరు కావలెను, శాకాహారము, నా కొడుకు బయట వేచియున్నాడు. అమ్మ మూడవ చీటిని వేరుగా తీసి కొంగున ముడివేసికొనినది.

ఎవరికిని రాకపోయిననో? దానికిని ఏర్పాటు చేసికొంటిమి. అచటి మంగళవారము మధ్యాహ్నము ఒంటిగంట పావు మనకు బుధవారము తెల్లవారుజామున రెండుముప్పావు. ఆ వేళకు అమ్మ స్నానము చేసి, మడికట్టుకొని, టెలిఫోను నెదుట పీట వేసికొని కూర్చుండును. తమ్ముడు అచట తిలోదకము విడుచుచుండగా ఆమె చూచును, వాడామెను చూచును. మంచుకొండ మరియొక యేటికి ఎచటికిని పోదు. అమ్మాయికి మాత్రము లంబసింగి చూపెదనని మావారు మాట యిచ్చియున్నారు.